మోడల్ రైలు పట్టాలకి కంకర పోసి అంటించడం ఎలా

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ పనిలో జిగురు పని పావు వంతే, మిగతా ముప్పావు వంతు పొడి కంకరని బ్రష్షుతో ఓపిగ్గా సర్దుకోవడమే. ఈ ముక్క తెలీక నేను మొదటిసారి ఒక్క సాయంత్రంలో రెండు మీటర్ల ట్రాక్ తగలేశా. కంకర గబగబా గుమ్మరించేసి, జిగురు పోశాక ఎలాగూ సర్దుకోవచ్చులే అనుకున్నా. తడి అయ్యాక సర్దుకోవడం అంటూ ఏమీ ఉండదండీ, వేలు పెడితే వేలికి అంటుకొచ్చుద్ది, బ్రష్షు పెడితే బ్రష్షుకి అంటుకొచ్చుద్ది, టిష్యూ పెడితే ఇంక చెప్పక్కర్లేదు, తెల్లారేసరికి నా మెయిన్ లైను వేరుశనగ చిక్కీలా తయారైంది. అందుకే కింద రాసిందాంట్లో పొడిగా చేసే పని దగ్గర ఎక్కువసేపు ఆగుతా, మీరు కూడా అక్కడే ఆగండి.

నాది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు సైజులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. కదా, దాన్ని 87తో భాగిస్తే 19 మి.మీ. పైన రావాలి, అంటే మనం కొనే రెడీమేడ్ ట్రాక్ మన రైలుకి కాస్త ఇరుకు లాగు లాంటిది, కానీ దాని గురించి బాధపడుతూ కూర్చుంటే ఈ జన్మకి లేఅవుట్, అంటే టేబుల్ మీద కట్టే మన బుల్లి రైల్వే, పూర్తవదు. ఇంతకంటే చిన్న సైజైన ఎన్ స్కేలు వాళ్లకీ పద్ధతి ఇదే, గింజ సైజు ఒక్కటే మారుద్ది.

పని మొదలెట్టే ముందు ఒకసారి అసలు లైను చూసి రండి. పట్టాలు దిగి కాదు, రైల్లోంచే. విజయవాడలో గుంటూరు బండెక్కి కిటికీ పక్కన కూర్చోండి చాలు, కృష్ణ దాటాక కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర తెనాలి లైనూ గుంటూరు లైనూ విడిపోయే చోట కిందకి చూడండి. మెయిన్ లైనుకి కంకర బూడిద రంగులో, రెండు పక్కలా ఏటవాలుగా గట్టు కట్టినట్టు ఉంటది. లూప్ లైన్లకీ సైడింగులకీ, అంటే బండ్లు ఆపి ఉంచే పక్క లైన్లకి, వచ్చేసరికి అదే కంకర నల్లబడి, మట్టి కలిసి, స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల) మట్టానికి చదునుగా పడుంటది, మధ్యమధ్యలో గడ్డి. పెద్ద స్టేషన్లలో కొన్ని ప్లాట్‌ఫాం లైన్లకి అసలు కంకరే ఉండదు, కడుక్కోవడానికి వీలుగా కాంక్రీటు ఆప్రాన్, అంటే చప్టా, పోసి ఉంటది, కాబట్టి స్టేషన్ చేసేవాళ్లకి అక్కడ ఈ బాధ తప్పినట్టే.

మా ఎదురింటి బాబాయ్ గారు రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌లో చేసి రిటైరయ్యారు. నా చిక్కీ ట్రాక్ చూసి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత మెల్లగా "స్లీపర్ మొహం కనపడాలి అబ్బాయ్, కంకర దాన్ని మింగేసిందంటే అది లైను కాదు, కుప్ప" అన్నారు. అసలు లైన్లో కంకర బండి బరువుని నేల మీద పంచుద్ది, స్లీపర్లని పక్కకి జరక్కుండా పట్టుకుంటది, వాన నీళ్లు నిలవకుండా దించేస్తది. మన టేబుల్ మీద ఈ మూడింట్లో ఒక్క పనీ లేదు, చూడ్డానికి మాత్రమే. అందుకని అసలు లైన్లోలాగా మందంగా పోయాలనే రూలేం లేదు, పైన కనపడేంత పోస్తే సరిపోద్ది.

ఇప్పుడు కంకర. రైల్వే వాళ్లు వాడే రాయి దాదాపుగా 20 నుంచి 65 మి.మీ. మధ్య ఉంటది. దాన్ని 87తో భాగించండి, పావు మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు వస్తది. అంటే బొంబాయి రవ్వ సైజు అనుకోండి, ఇంకాస్త సన్నం. చాలామంది చేసే తప్పు ఇక్కడే, అక్వేరియం షాపులో దొరికే చిన్న రాళ్లు తెచ్చి పోసేస్తారు, అవి రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటాయి, అంటే అసలు సైజులో ఒక్కో రాయీ గుమ్మడికాయంత. పైగా గుండ్రంగా నున్నగా ఉంటాయి, రైలు కంకరకి కోణాలుండాలి. కృష్ణ ఇసుక సంగతీ అంతే, ఏటిలో దొర్లి దొర్లి నున్నబడి ఉంటది, రంగు కూడా గోధుమ రంగుకి పోద్ది. బయట నుంచి తెప్పించుకునే ప్యాకెట్ కంకర బానే ఉంటది గానీ రేటు చూస్తే ఉన్న కంకరని ఒక్కో గింజ లెక్కపెట్టి పోయాలనిపిస్తది.

నేను వాడేది క్రషర్ డస్టు. మనకి పరిటాల, దొనబండ వైపు క్రషర్లు ఉండనే ఉన్నాయి, అంత దూరం వెళ్లక్కర్లేదు కూడా, ఊళ్లో ఎక్కడ సిమెంటు ఇటుకలు పోస్తున్నా అక్కడ ఒక కుప్ప ఉంటది, అడిగితే ఒక క్యారీ బ్యాగు నిండా ఇస్తారు, ఎందుకు అని మాత్రం అడుగుతారు, రైలు పట్టాలకి అంటే ఇంకో రకంగా చూస్తారు, అలవాటైపోద్ది. రాయిని పగలగొట్టగా వచ్చిందే కాబట్టి గింజకి కోణాలుంటాయి, రంగు కూడా అసలు కంకర రంగే. ఇంటికి తెచ్చాక మూతికి మాస్కు కట్టుకుని పని చేయండి, రాతి దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ముందు బకెట్లో పోసి నీళ్లు పెట్టి బియ్యం కడిగినట్టు కడగాలి. మొదటి నాలుగైదు సార్లు నీళ్లు సిమెంటు పాలలా వస్తాయి, తేటగా వచ్చేదాకా వంచుతూనే ఉండండి. ఆ సన్నపు బూడిద ఉండిపోయిందంటే రేపు జిగురు నీళ్లు కిందకి దిగనివ్వదు, పైపైనే పేరుకుపోయి బురదలా గడ్డ కడుద్ది. వంచిన నీళ్లు మాత్రం సింకులో పోయొద్దు, పైపులో కూర్చుంటది, మా ఇంట్లో ఒకసారి కూర్చుంది, ఆ తర్వాత వారం రోజులు నాతో మా అమ్మ మాట్లాడిన మాటలు ఇక్కడ రాయలేను. మొక్కల్లో కాకుండా పెరట్లో ఎక్కడైనా పారబోయండి. కడిగింది డాబా మీద పాత చీర పరిచి ఎండబెడితే మన ఎండకి పూటలో గలగలా ఆరిపోద్ది.

తర్వాత జల్లించడం. స్టీలు టీ జాలీలో దిగినవి తీసుకుని, వాటిని మళ్లీ మైదా జల్లెడలో వేయండి, అందులోంచి దిగిపోయింది పక్కన పెట్టండి, దిగకుండా మిగిలిందే మనకి కావాల్సిన కంకర. ఒక్కో ఇంట్లో జల్లెడ ఒక్కో రకంగా ఉంటది కాబట్టి ఒకసారి కొలుచుకోండి. స్కేలు పక్కన పది గింజల్ని గుండుసూదితో వరసగా పేర్చి ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడండి, పదీ కలిపి 5 మి.మీ. అటూఇటూగా వచ్చిందంటే హెచ్‌ఓకి సరిపోయినట్టే. 10 మి.మీ. దాటితే పెద్దది, ఇంకో జాలీ చూసుకోండి. దిగిపోయిన సన్నపు పొడి పారేయకండి, అది సైడింగులకీ, ఎన్ స్కేలు వాళ్లకీ పనికొస్తది.

ఇంకొక్క పని ఉంది, దీన్ని మాత్రం ఎవరూ మానొద్దు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి తీసుకుని పాలిథిన్ కవర్లో పెట్టి, కంకరని పళ్లెంలో పలచగా పరిచి, దాని మీద ఆనీ ఆననట్టు తిప్పండి. కవరుకి నల్లటి గింజలు మీసాల్లా లేచి అంటుకుంటాయి. పళ్లెం అవతలకి తీసుకెళ్లి కవరు తిరగేస్తే అయస్కాంతం బయటికి వస్తది, గింజలు కవర్లోనే ఉండిపోతాయి. క్రషర్ ఇనుము అరిగిన ముక్కలూ, రాతిలో సహజంగా ఉండే ఇనుప ఖనిజమూ ఈ గింజల్లో ఉంటాయి. ఇంజను మోటారులో అయస్కాంతం ఉంటది కదా, పట్టాల మీద నుంచి పోతూ పోతూ ఒక్కో గింజనీ లోపలికి లాక్కుంటది, ఒకరోజు కిర్రుమని ఆగుద్ది. నాలుగుసార్లు తిప్పండి, ఏమీ అంటుకోనిదాకా.

ఎంత కావాలి అంటారా, కింద కార్కు వేసిన ఒంటి లైనుకి నా లెక్కలో మీటరుకి ఒక టీ గ్లాసు. కొంచెం ఎక్కువే ఒకేసారి జల్లించి పెట్టుకోండి, రెండోసారి తెచ్చిన డస్టు రంగు మొదటిదానితో కలవదు, అతుకు దగ్గర తెలిసిపోద్ది.

ట్రాక్ రెడీగా ఉందా

కంకర పోశాక ట్రాక్ కింద ఏ పనీ చేయలేం, కాబట్టి ముందే అన్నీ చూసుకోండి. వైర్లు అన్నీ సోల్డరింగ్ అయ్యాయా, రైల్ జాయింట్ల దగ్గర పెట్టె ఎక్కడా ఎగరట్లేదు కదా, మీ దగ్గరున్న అన్నిట్లోకీ పొడుగాటి బండి మలుపులో పట్టాలు తప్పట్లేదు కదా. నేనైతే కనీసం ఒక వారం రోజులు బండి తిప్పాకే కంకర డబ్బా మూత తీస్తా. పట్టాలకి పక్కల తుప్పు రంగు వేసుకునేదుంటే అదీ ఇప్పుడే, స్లీపర్లకి రంగు మార్చేదుంటే అదీ ఇప్పుడే. ఈ రోజుల్లో మన మెయిన్ లైన్లకి ఉండేవి కాంక్రీటు స్లీపర్లు, ట్రాక్‌తో వచ్చేవి చాలావరకు గోధుమ రంగు ప్లాస్టిక్‌వి, అవి చెక్క స్లీపర్లలా కనపడతాయి. బూడిద రంగు యాక్రిలిక్ పలచగా రెండు పూతలు వేస్తే దూరం నుంచి కాంక్రీటులాగే ఉంటది.

ట్రాక్ కింద కార్కు షీటు గానీ ఈవీఏ ఫోమ్ గానీ వేసి ఉంటే దాని అంచుని ఏటవాలుగా కోసుకోండి, ఆ వాలు మీదే కంకర గట్టు నిలబడుద్ది. అంచు నిటారుగా వదిలేస్తే కంకర ఎంత పోసినా జారిపోయి కిందకే చేరుద్ది. వాలు మీద చిక్కటి ఫెవికాల్ బ్రష్షుతో సన్నగా రాసి, తడిగా ఉండగానే కంకర చల్లి వేలితో అద్దేసి ఆరనిస్తే ఇంకా మంచిది, తర్వాత పైన పోసేదానికి పట్టు దొరుకుద్ది.

ఆ తర్వాత ఫ్యాన్ ఆపండి. నవ్వకండి, నిజంగా చెప్తున్నా. మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపి గదిలో కూర్చోవడం అంటే తపస్సే, కానీ గంట కూర్చుని సర్దిన కంకర, ఎవరో వచ్చి "ఏంటి చీకట్లో ఉక్కపోతలో" అని జాలిపడి స్విచ్ నొక్కితే మొత్తం పోద్ది. నేను పొద్దున్నే ఆరింటికి మొదలెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించేస్తా, స్విచ్ మీద ఒక టేపు ముక్క అంటించి.

పొడిగా సర్దడం

ఒకేసారి అడుగు పొడవు కంటే ఎక్కువ పెట్టుకోకండి. పాత పోస్టుకార్డు గానీ పెళ్లి శుభలేఖ అట్ట గానీ మధ్యకి మడిచి దోనెలా చేసుకుని, దాంట్లో కంకర పోసి, వేలితో అట్టని తడుతూ పట్టాల మధ్య సన్నటి గీతలా రాల్చుకుంటూ పోండి. చెంచాతో పోస్తే ఒక్కచోటే గుట్ట పడుద్ది. మీకు సరిపోద్ది అనిపించిన దాంట్లో సగమే పోయండి, తక్కువైతే ఇంకొంచెం చల్లుకోవచ్చు, ఎక్కువైతే తీయడం నరకం.

ఇప్పుడు అర అంగుళం మెత్తటి పెయింటింగ్ బ్రష్షు తీసుకోండి, గట్టి కుచ్చు ఉన్నది వద్దు, అది గింజల్ని ఎగరేస్తది. పట్టాల మధ్య బ్రష్షుని పడుకోబెట్టి ఒకే దిక్కుకి మెల్లగా లాగితే గింజలు స్లీపర్ల మీద నుంచి జారి సందుల్లో పడతాయి. అయినా స్లీపర్ మీద కొన్ని మొండి గింజలు ఉండిపోతాయి. వాటికి మందు ఏంటంటే, స్క్రూడ్రైవర్ పిడితో రైలు పట్టా నెత్తి మీద టకటకా తడుతూ పోండి, గట్టిగా కాదు, డాక్టర్ వీపు మీద వేలితో కొట్టి చూసినట్టు. ఆ అదురుకి స్లీపర్ మీద గింజలు వాటంతట అవే గెంతి సందులో పడిపోతాయి. నేను ఎంతసేపు బ్రష్షు పట్టుకు తిప్పలుపడ్డా రానిది ఈ టకటకతో పది సెకన్లలో వచ్చింది, ఇది తెలిసిన రోజు నిజంగా పండగే.

బయట గట్ల మీద కూడా ఇలాగే, స్లీపర్ చివర నుంచి ఒకటి ఒకటిన్నర స్లీపర్ వెడల్పంత చదునుగా వదిలి, తర్వాత వాలు. చివర ఒకసారి తల వంచి కంటిని టేబుల్ మట్టానికి తెచ్చి, పక్క నుంచి టార్చ్ వేసి చూడండి. పైనుంచి కనపడని గింజలన్నీ నీడలు పడి కనపడతాయి. రెండు చోట్ల ముఖ్యంగా చూడాలి, ఒకటి స్లీపర్ల నెత్తి, రెండోది పట్టాల లోపలి వైపు. చక్రం అంచు తిరిగేది ఆ లోపలి వైపే, అక్కడ ఒక్క గింజ నిలబడి అంటుకుపోయినా పెట్టె ప్రతిసారీ ఎగిరెగిరి పడుద్ది. అక్కడున్నవాటిని టూత్‌పిక్‌తో ఒక్కొక్కటీ నెట్టేయండి. కంకర మట్టం స్లీపర్ పై మట్టానికి ఒక వెంట్రుక వాసి కిందే ఉండాలి, బాబాయ్ గారు చెప్పిన మొహం అదే.

పాయింట్ల దగ్గర

పాయింటు అంటే బండి ఒక లైను మీద నుంచి ఇంకో లైనుకి మారే చోటు. ఇక్కడ భయం ఉండడమే మంచిది. పాయింటులో అటూఇటూ కదిలే టంగ్ పట్టాలు, వాటిని కలిపే అడ్డ పట్టీ, ఈ భాగంలో జిగురు దిగిందంటే పాయింటు పోయినట్టే, నాది ఒకటి అలాగే పోయింది. పట్టీ కదిలే సందులో కంకర అసలు పోయొద్దు, బదులుగా ఆ సందు అడుగుకి ముందే కంకర రంగు పెయింట్ వేసేయండి, ఎవరికీ తేడా తెలీదు. టంగ్ పట్టాల పక్కన స్లీపర్ సందుల్లో మామూలుగా పోసేదాంట్లో సగం మందమే పోయండి. పట్టీకీ, టంగ్ పట్టాలు కదిలే చోటుకీ టూత్‌పిక్ మొనతో ప్లాస్టిక్‌ని తినని సన్నటి నూనె ఒక చుక్క పెడితే జిగురు పాకినా పట్టుకోదు. క్రాసింగ్ (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) దగ్గర, దాని పక్కనుండే చెక్ పట్టాల సందుల్లో గింజ లేకుండా చూసుకోండి. జిగురు వేసేటప్పుడు పాయింటు దగ్గర సిరంజి వద్దు, టూత్‌పిక్‌తో చుక్క చుక్కగానే. ఆరే లోపు అరగంటకోసారి పాయింటుని అటూఇటూ కదుపుతూ ఉండండి.

తడపడం, తర్వాత జిగురు

ముందు కరెంటు పూర్తిగా ఆపేసి ప్లగ్ పీకేయండి, పట్టాల మీద తడి ఆరేదాకా ఆన్ చేయొద్దు.

పొడి కంకర మీద నేరుగా జిగురు నీళ్లు వేస్తే ఏమవుద్దంటే, చుక్క పైనే ముత్యంలా బంతి కట్టి, గింజల్ని చుట్టేసుకుని దొర్లుద్ది, కింద గుంట పడుద్ది. దుమ్ము మీద మొదటి వాన చినుకు పడితే ఎలా ఉంటదో చూశారుగా, అచ్చం అలాగే. అందుకే ముందు తడపాలి, తడపడానికి ఉత్త నీళ్లు పనికిరావు, నీటి బిగుతు తగ్గించేది ఏదో కలపాలి. మొబైల్ రిపేర్ షాపుల్లో వాడే ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే అద్భుతంగా ఇంకుద్ది. పట్టాలకీ స్లీపర్లకీ యాక్రిలిక్ రంగు వేసుంటే మాత్రం ఆల్కహాల్‌కి అది మెత్తబడొచ్చు, అలాంటప్పుడు పావు లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చాలు, నురగ రాకుండా మెల్లగా కలుపుకోండి. ఆల్కహాల్ వాడేటప్పుడు గదిలో దీపం, అగరొత్తి లేకుండా చూసుకోండి, కిటికీ తీసి పెట్టండి.

స్ప్రే సీసాని ట్రాక్ మీదకి గురిపెట్టి కొట్టొద్దు. అడుగున్నర ఎత్తులో పట్టుకుని పైకి గాల్లోకి కొట్టండి, మంచు కురిసినట్టు దానంతట అది కిందకి దిగాలి. దగ్గర నుంచి కొడితే కంకరలో గుంటలు పడతాయి. మొదటి రెండు మూడు సార్లు అలా కురిపించాక గింజలు బరువెక్కి కదలవు, అప్పుడు కాస్త కిందకి దించి బాగా తడపొచ్చు. రంగు మొత్తం ఒకేలా నల్లబడాలి, అక్కడక్కడా తెల్లగా పొడి మచ్చలుంటే ఇంకా తడి చాలలేదని అర్థం. ఈ నల్లటి రంగు గుర్తుపెట్టుకోండి, జిగురు ఆరాక మీ కంకర పొడి రంగుకీ ఈ తడి రంగుకీ మధ్యలో ఎక్కడో నిలబడుద్ది. అసలు ట్రాక్ మీద చేసే ముందు ఒక అట్ట ముక్క మీద జానెడు పోసి అంటించి ఆరనిచ్చి రంగు చూసుకోవడం తెలివైన పని.

జిగురు అంటే ఫెవికాలే, ఎంఆర్ అయినా ఎస్‌హెచ్ అయినా సరే. నీళ్లకి తట్టుకునే మెరైన్ రకం మాత్రం వద్దు, ఎందుకో చివర చెప్తా. ఒక పాలు ఫెవికాల్‌కి రెండున్నర మూడు పాళ్లు గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క గిన్నెల లిక్విడ్, పాలలా పలచగా వచ్చేదాకా కలిపి పాత గుడ్డలో వడకట్టుకోండి, లేకపోతే చిన్న ఉండలు సిరంజిలో ఇరుక్కుంటాయి. బోరు నీళ్లు వద్దు, ఉప్పు ఎక్కువుంటే ఆరాక తెల్లటి పొర కనపడుద్ది, తాగే ఫిల్టర్ నీళ్లు వాడండి. జిగురులోనే ఆల్కహాల్ కలిపేస్తే పనైపోద్దిగా అని నేనొకసారి కలిపా, విరిగిన పాలలా ముద్దయి కూర్చుంది. మైదా పిండి గమ్ము గురించి అడుగుతారు కొందరు, దాని జోలికి పోకండి, వానాకాలంలో బూజూ పురుగులూ రెండూ వస్తాయి.

మందుల షాపులో 10 మి.లీ. సిరంజి కొనుక్కుని సూది తీసి పక్కన పెట్టేయండి. సిరంజి మూతిని స్లీపర్‌కి దాదాపు ఆనించి, తడి కంకరకి తాకేంత దగ్గరగా పెట్టి, ఒక్కో స్లీపర్ సందులో రెండు మూడు చుక్కలు వదులుకుంటూ పోండి. పైనుంచి ఎత్తుగా చుక్కలు వేస్తే మళ్లీ గుంటలే. కంకర బాగా తడిసుంటే చుక్క పడగానే చటుక్కున మాయమైపోయి పక్క సందు దాకా పాకుద్ది, అలా పాకట్లేదంటే ఆగి ఇంకోసారి స్ప్రే కొట్టండి. పట్టాల మధ్య అయ్యాక బయట గట్ల మీద, వాలు పైనుంచి మొదలెడితే అదే కిందకి దిగుద్ది. గింజల మధ్య పాలరంగు సన్నగా పైకి కనపడిందంటే చాలు, అడుగు దాకా జిగురు చేరినట్టు. గింజలు తేలుతున్నాయంటే ఎక్కువైంది, టిష్యూ మూలతో పక్క నుంచి పీల్చుకోండి, మీద పెట్టి అద్దకండి. పట్టాల నెత్తి మీద పడిన జిగురుని తడిగుడ్డ వేలికి చుట్టుకుని అప్పుడే తుడిచేయండి, ఇంక ఆ తర్వాత దేన్నీ ముట్టుకోకండి.

గుంట పడిందా, గింజ ఎగిరిందా, వదిలేయండి. ఆరాక చూసుకోవచ్చు. నేను చెప్తున్నాను కదా, తడిలో వేలు పెట్టిన ప్రతిసారీ పని రెట్టింపవుద్ది.

ఆరడానికి మామూలుగా ఒక రోజంతా పడుద్ది. ఎండాకాలంలో మన దగ్గర పైన రెండు గంటల్లో ఆరినట్టే కనపడుద్ది, కానీ అది పై పొర మాత్రమే, లోపల మెత్తగానే ఉంటది, మోసపోకండి. ముసురు పట్టినప్పుడు నాకు రెండు రోజులు కూడా పట్టింది. తెల్లగా ఉన్నది మొత్తం పోయి రంగు తేటపడాలి, వేలితో గీరితే ఇసుక కాగితంలా గట్టిగా తగలాలి.

ఆరాక

ఊడిన గింజల్ని వ్యాక్యూమ్ క్లీనర్‌తో తీసేయండి, గొట్టం మూతికి పాత సాక్సు తొడిగితే గింజలు సాక్సులో ఉండిపోతాయి, వాటిని మళ్లీ అయస్కాంతం చూపించి వాడుకోవచ్చు. ఖాళీలు కనపడిన చోట కొంచెం కంకర, స్ప్రే, చుక్క జిగురు, అంతే, రెండో విడతలో సరికాని ట్రాక్ నేను ఇంతవరకు చూళ్లేదు. స్లీపర్ మీద అంటుకుపోయిన గింజల్ని చిన్న స్క్రూడ్రైవర్ మొనతో టిక్కుమనిపిస్తే వచ్చేస్తాయి. పట్టాల నెత్తిని ఐపీఏలో ముంచిన గుడ్డతో మెరిసేదాకా తుడవండి, గట్టిగా పట్టిన జిగురుంటే కార్కు ముక్కతో రుద్దండి, ఎమరీ కాగితం మాత్రం వాడకండి, గీతలు పడి వాటిలో మురికి కూర్చుంటది. తర్వాత కరెంటు ఇచ్చి, ఇంజనొక్కటే, పెట్టెలు తగిలించకుండా, నడక వేగంలో తిప్పండి. కిటుక్కుమన్న చోట ఆపి పట్టా లోపలి వైపు చూడండి, ఒక గింజ నవ్వుతూ కూర్చునుంటది.

బండి చప్పుడు మునుపటి కంటే పెరిగిందేంటి అనిపిస్తది, అది మీ భ్రమ కాదు. ఫెవికాల్ ఆరాక రాయిలా బిగుసుకుపోయి పట్టాల అదురుని నేరుగా ప్లైవుడ్‌కి పంపుద్ది, కింద కార్కు వేసినా సరే. ఇది బాగా ఇబ్బందనిపిస్తే తర్వాతి ముక్కకి ఆర్ట్ షాపుల్లో దొరికే యాక్రిలిక్ మ్యాట్ మీడియం వాడి చూడండి, కాస్త సాగే గుణం ఉంటది, మెరుపు కూడా ఉండదు, ఖరీదు మాత్రం ఎక్కువ. నాకైతే ఆ చప్పుడే ఇష్టం.

రంగు దిద్దడం మీ ఇష్టం. మెయిన్ లైను మధ్యలో గోధుమ రంగు యాక్రిలిక్‌ని బాగా నీళ్లు కలిపి ఒక్క పూత, సిగ్నల్ దగ్గర ఇంజన్లు ఆగే చోట నల్లరంగు కొంచెం, అంతకంటే ఎక్కువ చేస్తే దీపావళి మర్నాటి వీధిలా ఉంటది.

ఇక మెరైన్ రకం ఎందుకు వద్దన్నానంటే, మామూలు ఫెవికాల్ ఆరినా సరే వేడి నీళ్లకి మెత్తబడుద్ది. ట్రాక్ మార్చాలన్నా, చెడిపోయిన చోట తీయాలన్నా, వేడి నీళ్లలో చుక్క గిన్నెల లిక్విడ్ కలిపి పోసి, మీద తడిగుడ్డ కప్పి పావుగంట వదిలేస్తే కంకర ముద్దలా లేస్తది, వెడల్పాటి పుట్టీ బ్లేడు అడుగున దూర్చి లేపుకోవచ్చు, బలవంతం చేయకుండా ఒక మూల నుంచి. ప్లైవుడ్ మీద నీళ్లు నిలవనివ్వకండి, ఉబ్బుద్ది. నా చిక్కీ ట్రాక్‌ని అలాగే లేపి, పాత టూత్‌బ్రష్‌తో తోమి మళ్లీ వాడా, ఇప్పుడది గూడ్స్ సైడింగులో ఉంది. ఒక మూరెడు మేర తెల్లటి మరకలు ఎంత తోమినా పోలేదు, అక్కడొక సిమెంటు వ్యాగను పర్మనెంటుగా నిలబెట్టేశా, బస్తా చిరిగి కారినట్టుగా ఉంది.